కాలవ చివర ఎనిమిది పేర్లు

పోయిన వారం మా పై వాటాలో ఉండే అమ్మాయి మెట్ల మీద తల పట్టుకుని కూర్చుని కనిపించింది. ఏదో కంపెనీకి ఇంట్లోంచే పని చేస్తుంది. ఏమైందమ్మా అని అడిగితే, "చెప్పినా మీకు అర్థం కాదు తాతయ్యా. మూడు వారాల్నించి ఒక బగ్గు వెంట పడుతున్నాను. మెమరీ పేజీల్లో ఎక్కడో ఉంది, దొరకట్లేదు" అంది. "డిస్కు మీద రాయకుండానే పేజీని రాసేశానని కెర్నెల్ అనుకుంటోందేమో చూడు" అన్నాను. పంచె పైకి కట్టుకుని, చేతిలో తోటకూర కట్టతో నిలబడ్డ మనిషి నోట ఆ మాట విని ఆ పిల్ల నన్ను చూసిన చూపు ఎలా ఉందంటే, రేషన్ కార్డు చూపించమని అడుగుతుందేమో అనిపించింది. నలభై ఏళ్లకు పైగా దయ్యాల మీదా బాబాల మీదా వ్యాసాలు రాసుకుంటున్నవాణ్ణి, అనుమానించటంలో తప్పేముంది? ఎక్కడ నేర్చుకున్నారని నిలదీసింది. పాత సంగతిలే అని తప్పించుకున్నాను. చెప్పాలంటే ఆ కథలో నేను మంచివాణ్ణి కాను. రాయటం తేలిక. రాసేటప్పుడు ఎదుటివాళ్ల మొహం చూడనక్కర్లేదు.

ఎనభైల చివరి రోజులవి. నరసరావుపేటలో హైస్కూలు సైన్సు మాస్టర్ని. సెలవు రోజున సంచిలో కర్పూరం, రెండు కొబ్బరికాయలు వేసుకుని పల్నాడు ఊళ్లు తిరిగేవాణ్ణి. నాలిక మీద కర్పూరం వెలిగించటం, కొబ్బరికాయ కొట్టి ఎర్రటి నీళ్లు కార్చటం, ఆ తర్వాత అందులో కిటుకు విప్పి చెప్పటం, ఎదురు చెప్పినవాడితో పొద్దు గూకేదాకా వాదించటం నా వ్యాపకం. నా సిద్ధాంతం ఒక్కటే. దయ్యం లేదు, దయ్యం ఉందన్న చోట వెతికితే మనిషి చెయ్యి దొరుకుతుంది. గురజాల దగ్గర ఒక ఊళ్లో ఒక ఇంటి మీద మూడు నెలలుగా రాళ్లు పడుతున్నాయంటే వెళ్లి, పెరట్లో గడ్డివాము వెనక ఆ ఇంటి పెద్దల్లుణ్ణే చేతిలో రాయితో సహా పట్టుకున్నాను. అత్తగారు తను వచ్చినప్పుడల్లా వంకాయ కూర తప్ప ఇంకోటి వండటం లేదని కోపమట. దాంతో నా పేరు మోగిపోయింది. ఇక నేను ఎక్కడికి వెళ్లినా గడ్డివాము వెనకే చూసేవాణ్ణి. ఎవరో ఒకరు దొరికేవారు. ఎప్పుడూ దొరుకుతూ ఉంటే మనిషికి వచ్చే జబ్బు ఒకటుంది. దొరకటం అంటే నిజం దొరకటమేనని నమ్మటం ఆ జబ్బు.

ఆ రోజుల్లోనే మా ఊరికి కంప్యూటరు వచ్చింది. సాగర్ కుడి కాలవ నీళ్లతో బతికే ఊళ్లలో, కాలవ మొదట్లో ఉన్నవాడి మడి పొర్లిపోతుంది, చివర ఉన్నవాడి మడి తడవదు. అందుకని ఎవరి పొలానికి ఏ రోజు ఏ గంట నుంచి ఏ గంట దాకా నీళ్లో వారం వారం వంతుల జాబితా వేసి ఊళ్లకు పంపేవారు. మనుషులు వేస్తే తల పగలకొట్టుకుంటున్నారని, ఒక పిల్ల కాలవ కింద ఉన్న ఆరు ఊళ్లకు ప్రయోగంగా మిషన్ చేత వేయించాలని పైవాళ్లకు తోచింది. అద్దె ఇంట్లో ఒక ఆఫీసు, సగం బీరువా అంత మిషను, దానికో పెద్ద బ్యాటరీ, రెండు తెరలు, కీచుమని అరిచే ఒక ప్రింటరు. చెప్పులు గుమ్మం బయట విడవాలి. దుమ్ము పడకూడదని ఆ నియమం పెట్టారు గానీ, చెప్పులు విడిచిన చోట మన వాళ్లు చేతులు జోడించకుండా ఉండలేరు. పది రోజుల్లో మిషనుకు కుంకుమ బొట్టు పడింది, నిమ్మకాయ వేలాడింది. నేను వెళ్లి ఆఫీసరుతో అరగంట పోట్లాడి నిమ్మకాయ తీయించాను. బొట్టు ఉండిపోయింది.

దాని మీద పని చేసే అమ్మాయి మా వీధి చివర ట్రాక్టర్లు బాగుచేసే సాయిబు కూతురు. ఊరంతా ఆయన్ను మెకానిక్ బాయి అనేది. గుంటూరులో డిగ్రీ చదివి, హైదరాబాదులో ఆరు నెలలు ట్రైనింగ్ అయి వచ్చింది. వాళ్ల ఇళ్లలో ఉద్యోగానికి బయటికి వచ్చిన మొదటి ఆడపిల్ల. తండ్రి షెడ్డులో గ్రీజు చేతులతో నిలబడి, "మా అమ్మాయి మిషన్ను ఇప్పి చూడదు మాస్టారూ, దాంతో మాట్టాడుద్ది" అని చెప్పుకునేవాడు.

ఆ కార్తికంలో ఒక ఆదివారం మా మేనమామ జాబితా కాగితం పట్టుకుని దిగాడు. ఆయనది ఆ పిల్ల కాలవ కింద చిట్టచివరి ఊరు, రెండెకరాల మిరప. పుట్టుకతోనే అనుమానపు మనిషి. అగ్గిపెట్టె కొంటే కొట్టు ముందే పుల్లలు లెక్కపెట్టేవాడు. మా అమ్మ మజ్జిగ ఇస్తే ఒకసారి వాసన చూసి గానీ తాగడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, కానీ ఆ అక్షరాల్లో తన పేరు ఎంత పొడుగుంటుందో తెలుసు.

"ఏందిరా అల్లుడూ ఇది? నా పేరు యాడుందో చూపీ."

చూశాను. లేదు. ఆయన పేరూ, ఆయన పక్కవాళ్లవీ ఉండాల్సిన చోట, కాలవ మీద పైన ఉన్న ఊరి రైతుల పేర్లు ఉన్నాయి. అందులో ఆ ఊరి పెద్దరైతు పేరు కూడా ఉంది. రెండు రాజకీయ పక్షాలూ ఆయన గుమ్మంలోనే టీ తాగేవి. ఆ వారం మా మామకు చుక్క నీళ్లు రాలేదు. తూము కాపలావాడు కాగితం చూసి తాళం వేశాడు. మిరప పూత మీద ఉంది.

మరుసటి వారం జాబితా సరిగ్గా వచ్చింది. ఆ పై వారం మళ్లీ అదే ఊరు, మళ్లీ అదే పెద్దరైతు ఊరి పేర్లు. ఎప్పుడు తప్పినా చివరి ఊరికే తప్పటం, ఎప్పుడు దూరినా పై ఊరి వాళ్లే దూరటం! మూఢనమ్మకం ఉన్నవాళ్లు నిమ్మకాయ తీసేసినందుకే అన్నారు. నేను నవ్వాను. మిషనుకు పక్షపాతం ఉండదు గనక, పక్షపాతం ఉన్నచోట మనిషి ఉన్నాడు. మిషనును తెరిచే తాళం మాట, అదే పాస్‌వర్డు, తెలిసింది ఆ అమ్మాయి ఒక్కతికే. తర్కం ఇంత సుఖంగా నడిచిన రోజు నా జీవితంలో ఇంకోటి లేదు. సాక్ష్యం కోసం మెకానిక్ బాయి షెడ్డు వైపు నడిచాను. అక్కడ పెద్దరైతు ట్రాక్టరు బానెట్టు తెరుచుకుని నిలబడి ఉంది. ఇంకేం కావాలి? ఊళ్లో ప్రతి ట్రాక్టరూ ఆ షెడ్డుకే వస్తుందనీ, ఆ రోజు దాని వెనకాల నేల మీద విప్పి పడున్నది మా మామ ఆయిల్ ఇంజనేననీ నాకు కనపడలేదు. చూశాను, కనపడలేదు.

అయినా న్యాయం కోసం ఆ పిల్లను అడగటానికి ఆఫీసుకు వెళ్లాను. తప్పిన రెండు జాబితాలూ ముందేసుకుని పెన్సిలుతో గీతలు గీస్తోంది.

"మాస్టారూ, ఒకటి చూడండి. పోయినసారి ఎనిమిది పేర్లు తప్పినయ్యి. ఇప్పుడు కూడా ఎనిమిదే. ఏడు కాదు, తొమ్మిది కాదు. ఎవరన్నా కావాలని మారిస్తే ఒక్క పేరు మారుస్తారు గానీ, లెక్కబెట్టి ఎనిమిది ఎందుకు మారుస్తారు?"

"లెక్కబెట్టిన వాళ్లకే తెలియాలి" అన్నాను.

ఆమె పెన్సిలు కింద పెట్టింది. "అంటే ఏంది మాస్టారూ?"

జవాబు చెప్పకుండా లేచి వచ్చాను. ఆ రోజుల్లో అలా లేచి రావటం నాకు బాగా వచ్చేది. ప్రత్యర్థి దగ్గర సరుకు అయిపోయిందని సభకు తెలియజేసే పద్ధతి అది. అక్కడ సభ లేదు, ప్రత్యర్థీ లేదు.

మూడు రోజుల్లో ఆ కాలవ కింద ఆరు ఊళ్లలోనూ మాట్లాడాను. "మిషను తప్పు చెయ్యదు, మిషను వెనక మనిషి చేస్తాడు" అన్నాను. ట్రాక్టరు సంగతి చెప్పాను. పేరు ఎత్తలేదు, ఎత్తాల్సిన పని లేకుండా చెప్పాను. నెలకోసారి వచ్చే మా చిన్న పత్రికలో 'యంత్రం ముసుగులో' అని వ్యాసం కూడా రాశాను. నా వ్యాసాల్లో జనం ఎక్కువగా మెచ్చుకున్నది అదే. చివరి ఊరివాళ్లు కర్రలు తీసుకుని పై ఊరి తూము దగ్గరికి వెళ్లారు, ఇద్దరికి తలలు పగిలాయి. ఆఫీసరు భయపడి ఆ అమ్మాయిని విచారణ అయ్యేదాకా సస్పెండ్ చేశాడు. నెలలోగా ఏదీ తేలకపోతే ఉద్యోగం తీసేసి, పోలీసులకు కాగితం పంపుతామన్నారు. ఆమె స్థానంలో గుమాస్తా మీట నొక్కటం మొదలుపెట్టాడు. రెండు వారాలు జాబితా ఒక్క తప్పు లేకుండా వచ్చింది. "చూశావా, చెయ్యి తీసేస్తే దయ్యం పోయింది" అని మా మామతో అన్నాను. ఆయన నా వంక మొదటిసారి అనుమానం లేకుండా చూశాడు.

మెకానిక్ బాయి ఒక సాయంత్రం మా గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "మీరు చదువుకున్నోళ్లు. మా అమ్మాయి తప్పు చేస్తే నేనే షెడ్డు మూసుకుని ఊరు పోతా. చెయ్యకపోతే మీరేం చేస్తారు?" అన్నాడు. బెదిరింపు కాదు, బోల్టు సైజు అడిగినట్టే అడిగాడు. విచారణ ఉందిగా అన్నాను.

ఆ అమ్మాయి అంతటితో ఊరుకోలేదు. మిషను చేసిన కంపెనీకి ఎనిమిది పేర్ల సంగతి మొత్తం ఉత్తరం రాసింది. పది రోజులకు హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరు ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని దిగాడు. ఆఫీసరు నన్ను పిలిపించి, "ఊళ్లను లేపింది మీరు, కాబట్టి మీరే కూర్చుని చూడండి. మీరు చెప్తేనే వాళ్లు నమ్ముతారు" అన్నాడు. సస్పెండ్ అయినవాళ్లు మిషను గదిలో అడుగు పెట్టకూడదట. అందుకని ఆ అమ్మాయిని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, కిటికీలోంచి ప్రశ్నలు అడగటానికి ఏర్పాటు చేశారు. ఊచలకు అటు ఆమె, ఇటు మేము. చూసేవాళ్లకు ఎవరు లోపల ఉన్నట్టో చెప్పటం కష్టం.

ఇంజనీరు వచ్చీ రాగానే ఆ ఎనిమిది మాట పట్టుకున్నాడు. నాకు అర్థమయ్యేలా చెప్పమంటే చెప్పాడు. మిషనుకు జ్ఞాపకం తక్కువ. దాన్ని చిన్న చిన్న పేజీలుగా కోసుకుని, చోటు చాలనప్పుడు కొన్ని పేజీలను డిస్కు మీదికి రాసి, ఖాళీ అయిన చోటు ఇంకో పనికి ఇస్తుంది. కావలసినప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. ఏ పేజీ ఎక్కడుందో చూసే పెత్తనం కెర్నెల్ది. అది మిగతా ప్రోగ్రాములన్నిటికీ కింద ఉండి నడిపించేది. "ఒక్క పేజీల అయిదువందల పన్నెండు అక్షరాలు పడ్తయి సార్. ఒక్క రైతు వరుసకు అరవైనాలుగు. భాగించుండ్రి." భాగించాను. ఎనిమిది. "మనిషి పేర్లు మారుస్తడు. పేజీలు మార్చడు" అన్నాడు.

అయినా నేను ఒప్పుకోలేదు. పేజీ తప్పితే చివరి ఊరికే ఎందుకు తప్పాలి అని అడిగాను. జాబితాలు కాలవ వరుసలో తయారవుతాయి, చివరి ఊరి దగ్గరికి వచ్చేసరికి జ్ఞాపకం నిండిపోయి పేజీలు డిస్కు మీదికి పోవటం మొదలౌతుంది అన్నాడు. డిస్కు మీద ఆ చోట అంతకు ముందు పై ఊరి పేజీ ఉండి ఉంటుంది. కొత్తది రాయకుండానే రాశానని కెర్నెల్ అనుకుంటే, తిరిగి తెచ్చుకున్నప్పుడు పాతదే చేతికి వస్తుంది. పక్షపాతం అని నేను ఊరూరా చాటింది ఇది. కానీ అనుకోవటం వేరు, చూపించటం వేరు. ఆయన నాలాంటివాడు కాదు. తన ఊహను తనే నమ్మడు.

రెండు రోజులు పొద్దున్నే మొదలుపెట్టి, గుమాస్తా భోజనానికి లేచేలోపు జాబితా మీద జాబితా వేయించాడు. ఒక్క తప్పు రాలేదు. కరెంటు పోవటం వల్లేమో అని మెయిను స్విచ్చి దింపి చూశాడు. బ్యాటరీ అందుకుంది, జాబితా చక్కగా వచ్చింది. పాతిక సార్లు దింపాడు, పాతిక సార్లూ చక్కగానే వచ్చింది. కెర్నెల్ ప్రోగ్రాము మొత్తం అచ్చు వేయించి, ఆ పొడుగాటి కాగితాన్ని హాలు నిండా పరిచి, మోకాళ్ల మీద దేకుతూ చదివాడు. గుమాస్తా ఆ కాగితం దాటలేక భోజనానికి పెరటి గోడ దూకి వెళ్లాడు. రెండో రోజు ఇంజనీరు నీరసంగా గోడకు ఆనుకున్నాడు. నాలో ఏదో, సిగ్గులేనిది, కాస్త ఊపిరి పీల్చుకుంది. నాది తప్పు కాదేమోనని.

అప్పుడు కిటికీలోంచి ఆ అమ్మాయి పిలిచింది. "సార్, గుమాస్తా గారు ఎన్నింటికి మొదలుపెట్టేవారు?"

"తొమ్మిదికే. పన్నెండుకల్లా ఇంటికెళ్లి తినొద్దంటావా ఏంది?" అన్నాడు గుమాస్తా.

"నేను పదకొండుకి మొదలుపెట్టేదాన్ని. చివరి ఊరు వచ్చేసరికి పన్నెండయ్యేది. పన్నెండుకి పొలాల మోటార్లకి కరెంటు వదులుతారు సార్. ఊళ్లో కరెంటు పోదు, దిగిపోద్ది. మా షెడ్డులో ఆ టైముకి వెల్డింగు అంటుకోదు, మా నాన్న ఆ కాసేపు బీడీ కాల్చుకుంటాడు. మధ్యలో జాబితా సరిగ్గా వచ్చిన వారం ఆ రోజు మోటార్లకి కరెంటు వదల్లేదు. మీరు స్విచ్చి దించితే పూర్తిగా పోతంది. పోయీ పోనట్టు ఉన్నప్పుడు చూడండి."

మూడో రోజు పదకొండుకు మొదలుపెట్టారు. పన్నెండుకు రెండు నిమిషాలు ఉండగా ఇంజనీరు కూడా వరండాలోకి వెళ్లి బల్బు వంక చూస్తూ నిలబడ్డాడు. పన్నెండయింది. బల్బులో తీగ ఎర్రగా కనిపించింది. ప్రింటరు కీచుమంది. కాగితం నేనే చించాను. మా మామ పేరు లేదు. వేలు పెట్టి లెక్కపెట్టాను. ఎనిమిది.

కరెంటు పూర్తిగా పోతే బ్యాటరీ అందుకుంటుంది. సగం దిగితే దానికి తెలియదు. డిస్కు మాత్రం తడబడి, "రాయలేకపోయాను" అని జవాబు పంపేది. కెర్నెల్ జవాబు వచ్చిందా లేదా అని చూసేది గానీ, వచ్చిన జవాబు ఏమిటో చదివేది కాదు. కంపెనీ గదుల్లో కరెంటు సగం దిగటం ఎవరూ చూడలేదు గనక ఆ తప్పు అక్కడ బయటపడలేదు. ఇంజనీరు రాసింది నాలుగు వరుసలు. జవాబు చదువు, కాలేదంటే మళ్లీ రాయి. నాలుగు వరుసలకు ఒక ఆడపిల్ల నెల రోజులు ఆ గది గుమ్మం బయట ఉండిపోయింది.

సస్పెన్షన్ ఎత్తేశారు. నేను పత్రికలో సవరణ రాశాను. సంపాదకుడు దాన్ని ఆఖరి పేజీలో, చందాదారులకు గమనిక కింద వేశాడు. అది పట్టుకుని మెకానిక్ బాయి ఇంటికి వెళ్లాను. ఆ అమ్మాయి చదివి, మడిచి, నా చేతికే తిరిగి ఇచ్చింది.

"ఆ ఊళ్లల్లో దీన్ని ఎవరు చదువుతారు మాస్టారూ? నేను దొంగనని మీరు ఆరు ఊళ్లు తిరిగి నోటితో చెప్పారు. కాదని కూడా తిరిగి చెప్పండి. ఒక్క ఊరు తగ్గినా నేను ఒప్పుకోను."

"చెప్తానమ్మా" అన్నాను. తండ్రి లోపల్నించి, "టీ తాగి ఎల్లండి మాస్టారూ, ఊళ్లు చానా దూరం" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఎంతో, మర్యాద ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తిరిగాను. ఆరోపణకు వచ్చిన జనం క్షమాపణకు రారు. కరెంటు, డిస్కు, పేజీ అని మొదలుపెడితే లేచిపోయేవారు. మొదటి ఊళ్లో ఏడుగురు మిగిలారు, రెండో ఊళ్లో ఎవరో "ఎంత ముట్టింది మాస్టారూ?" అని అరిచారు. ఒక్కో ఊరికి మూడేసి నాలుగేసి సార్లు వెళ్లాల్సి వచ్చింది. మూడు రోజుల్లో అన్న మాటను వెనక్కి తీసుకునేసరికి ఆ ఎండాకాలం దాటి మళ్లీ కాలవకు నీళ్లొచ్చాయి. చివరి ఊళ్లో మా మామ అరుగు మీద కూర్చుని మొత్తం విన్నాడు. ఆయన మిరప సగం ఎండి, సగం దక్కింది.

"అయితే ఆ పిల్ల ఏం చెయ్యలేదంటావ్."

"చెయ్యలేదు మామా."

"నేను అనుమానపోణ్ణి, నాకు తెలవక అన్నా. నువ్వు రుజువు లేందే నమ్మొద్దని మాకు చెప్పేవోడివి గదరా. నువ్వెందుకన్నావ్?"

వాదనల్లో నన్ను ఓడించిన మనిషి పల్నాడులో లేడని అప్పట్లో అనేవారు. ఆ రోజు నుంచి ఒకడున్నాడు.

ఆ అమ్మాయి తర్వాత పెద్ద ఆఫీసుకు వెళ్లింది, ఇంకా పెద్ద మిషన్లు చూసింది. వీధిలో ఎదురుపడితే నమస్తే మాస్టారూ అనేది, అంతవరకే. చాలా ఏళ్లకు ఒకసారి సత్తెనపల్లి బస్సులో గుంటూరు వెళ్తున్నాను. ముందు సీటులో ఇద్దరు రైతులు నీళ్ల గురించి మాట్లాడుకుంటున్నారు. "అప్పట్లో నరసరావుపేటలో ఒక పిల్ల డబ్బులు తిని కంప్యూటర్లో పేర్లు మార్చలా?" అన్నాడొకడు. అతని వయసు చూస్తే ఆ రోజుల్లో పుట్టి కూడా ఉండడు. నేను లేచి, పై కమ్మీ పట్టుకుని, బల్బు దిగిపోవటం దగ్గర్నించి మొత్తం మొదలుపెట్టాను. కండక్టరు కూర్చోమని రెండుసార్లు అరిచాడు. ఊళ్లు తిరిగి ఆ మాట మొదట నేను అన్నప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్లు. నాకు వయసు మీద పడింది గానీ, ఆ మాటకు ఇంకా పడలేదు.